గ్యాస్ అనుకున్నది జియార్డియా అని తేలేదాకా

తేన్పులతో మొదలైంది. మామూలు తేన్పులు కావు, కుళ్లిన కోడిగుడ్డు వాసన. మొదటిసారి వచ్చినప్పుడు నేను వంటగది గుమ్మంలో నిలబడి ఉన్నాను. మా ఆవిడ సిలిండర్ లీకవుతోందేమోనని కంగారుగా రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలన్నీ బార్లా తెరిచింది. అది సిలిండర్ కాదు, నేనేనని చెప్పడానికి కాస్త ధైర్యం కూడగట్టుకోవాల్సి వచ్చింది.

మేముండేది బెంగళూరు రామమూర్తినగర్‌లో. సొంతూరు మదనపల్లె వైపు. మా వీధిలో తెలుగు వినపడని ఇల్లు తక్కువ, అందుకే నా కడుపు సంగతి బయటికి పొక్కగానే ఇంటింటికీ ఒక వైద్యం తయారైంది. వేడి చేసింది, సబ్జా గింజలు నానబెట్టి తాగమన్నారొకరు. గ్యాస్ ట్రబుల్, సోంపు నమలమన్నారింకొకరు. కింద ఫ్లోర్ పెద్దాయన అయితే, "ఆఫీసులో కూర్చునే ఉద్యోగాలు కదా బాబూ, అందరికీ ఉండేదే" అని తేల్చేశారు. మెడికల్ షాపులో కుర్రాడు అడగకుండానే గ్యాస్ మాత్రల స్ట్రిప్ తీసి కౌంటర్ మీద పెట్టాడు. అంటే నాకొచ్చింది ఏమిటో నాకు తప్ప ఊరందరికీ తెలుసు.

తేన్పుల వెనకాలే కడుపుబ్బరం. భోజనం చేసిన అరగంటకల్లా పొట్ట డప్పులా బిగిసిపోయి, లోపల గుడగుడమని పక్కవాళ్లకు వినపడేంత చప్పుడు. తర్వాత విరేచనాలు. ఇక్కడ కొంచెం వివరంగా రాయాలి. ఇవన్నీ రాయడం బాగోదని తెలుసు, కానీ చివరికి డాక్టరు రోగాన్ని అనుమానించింది ఈ వివరాల్లోంచే. నీళ్లలా పోయే విరేచనాలు కావవి. పొద్దున లేవగానే పరుగు, టిఫిన్ తిన్నాక ఇంకో పరుగు. రంగు పాలిపోయి, జిడ్డుగా, నీళ్ల మీద తేలేది. ఒక ఫ్లష్‌కి పోయేది కాదు. వాసన సంగతి తేన్పులతోనే చెప్పేశాను, దానికి పదింతలు అనుకోండి. రక్తం లేదు, జిగట లేదు, జ్వరం లేదు. అసలు చిక్కంతా ఆ చివరి మాటలోనే ఉంది. జ్వరం లేని రోగాన్ని మన ఇళ్లలో రోగమని ఒప్పుకోరు. ఒళ్లు వెచ్చగా లేదంటే ఆఫీసుకు పోవాల్సిందే.

పైగా అది రోజూ ఒకేలా ఉండేది కాదు. నాలుగు రోజులు దుంపతెంచి, తర్వాత రెండు రోజులు ఏమీ ఎరగనట్టు ఊరుకునేది. ఊరుకున్న రోజున ఏం తిన్నానో గుర్తు తెచ్చుకుని, అదే మందు అనుకునేవాణ్ణి. అలా ఒకసారి దానిమ్మ తొక్క కషాయానికి, ఇంకోసారి మెంతులు వేసిన మజ్జిగకి, మరోసారి ఏకంగా పక్కవీధి మెస్సు వాళ్ల పప్పుచారుకి క్రెడిట్ వెళ్లింది.

ఈలోగా బరువు తగ్గడం మొదలైంది. బెల్టుకు కొత్త రంధ్రం పెట్టించాను. ఆఫీసులో మాత్రం అభినందనలే. ఏం డైటు, ఎన్ని గంటల ఫాస్టింగు, ఏ జిమ్ము అని ఒకటే ప్రశ్నలు. మెట్లెక్కితే కాళ్లు పీకుతున్నాయని, మధ్యాహ్నం మూడు దాటితే స్క్రీన్ మీద అక్షరాలు అలుక్కుపోతున్నాయని ఎవరికి చెప్పను?

మొదట చూపించుకున్న క్లినిక్కులో డాక్టరు గారికి నా కడుపు మీద చెయ్యి పెట్టి చూసే తీరిక దొరకలేదు. "లూజ్ మోషన్సా? బయట తిన్నారా?" అని రెండు ప్రశ్నలు వేసి, ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్రలు, పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర, ఒక ప్రోబయోటిక్ రాసిచ్చారు. విరేచనాలకు ఈ జంట మాత్ర మన దేశంలో ఎంత అలవాటంటే, చాలామందికి ప్రిస్క్రిప్షన్ లేకుండానే పేరు నోటికొస్తుంది. వాడాను. తగ్గింది. వారం తిరిగేలోపు మళ్లీ అదే తేన్పు. ఏ పరీక్షా చేయకుండా మందు రాయడం మీద నాకున్న కోపం ఆ క్లినిక్కుతోనే మొదలైంది, ఇప్పటికీ పోలేదు. ఎందుకో ముందు ముందు చెబుతాను.

ఇంతలో ఊరి నుంచి అమ్మ వచ్చింది. తలుపు తీయగానే, "ఏం నాయనా, ఇట్ల బక్కసిక్కిపోయినావు? కోడలు తిండి పెట్టలేదా?" అని మా ఆవిడ వినేలా ఒక బాణం వేసి, ఆ సాయంత్రమే దిష్టి తీసింది. మర్నాడు తన సంచిలోంచి నులిపురుగుల మాత్ర తీసి నమలమంది. అంగన్‌వాడీల్లో, బళ్లల్లో నులిపురుగుల దినం రోజున పిల్లలకు పంచే ఆల్బెండజోలే అది. "కడుపులో పురుగులుంటే తిన్నదంతా అవే తింటాయి" అంది. అమ్మ లెక్క సగం సరైందేనని తర్వాత తెలిసింది. నా తిండిలో వాటా పంచుకునేది కడుపులో ఉన్నమాట నిజమే. కాకపోతే అది పురుగు కాదు, ఆ ఒక్క మాత్రకు లొంగేదీ కాదు.

మా ఆవిడ పట్టుబట్టి స్పెషలిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది. గ్యాస్ట్రో డాక్టరమ్మ బళ్లారి వైపు మనిషి, తెలుగు చక్కగా మాట్లాడతారు. ఆవిడ వేసిన ప్రశ్నలు నేను అంతకుముందు ఎక్కడా వినలేదు. ఎన్నాళ్ల నుంచి? తేలుతోందా, మునుగుతోందా? జిడ్డు కనిపిస్తోందా? తేన్పు ఏ వాసన? పాలు తాగితే ఎక్కువవుతోందా? ఈమధ్య ఎక్కడికైనా ట్రెక్కింగులకు వెళ్లారా, వాగు నీళ్లు తాగారా? ఇంట్లో నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? చిన్నపిల్లలున్నారా, డే కేర్‌కు వెళ్తారా?

మా పాప డే కేర్‌కు వెళ్తుందనగానే ఆవిడ పెన్ను ఆగింది. తర్వాత విడమరిచి చెప్పారు. బ్యాక్టీరియా, వైరస్‌లతో వచ్చే విరేచనాలు చాలావరకు వారం లోపల వాటంతటవే సర్దుకుంటాయి. 14 రోజులు దాటినా తగ్గలేదంటే పరాన్నజీవుల వైపు చూడాలి, అందులో మొదట వెతకాల్సింది జియార్డియా అనే ఏకకణ జీవిని. అది కాకపోతే గోధుమలు పడని సీలియాక్ జబ్బు లాంటివి చూడాలి, అవసరమైతే ఎండోస్కోపీ దాకా వెళ్లాలి. కానీ ముందు మల పరీక్ష. ఒకసారి చేస్తే చాలదు, రోజు విడిచి రోజు మూడు శాంపిల్స్ ఇవ్వమన్నారు. దానితోపాటు, మలంలో ఆ జీవి తాలూకు ప్రోటీన్ల ఆనవాళ్లు పట్టే యాంటిజెన్ టెస్ట్ ఒకటి.

"మూడెందుకు మేడమ్?" అన్నాను. ఒకసారి ఇవ్వడమే గండంగా ఉంది నాకు.

"అది రోజూ బయటికి రాదండీ. ఉన్నా కనబడని రోజులుంటాయి. పైగా మీరు ఆల్రెడీ యాంటీబయాటిక్ వాడి వచ్చారు" అన్నారు. నాకు క్లినిక్కు మీద కోపం దీనికే. ఆ మాత్రలోని ఆర్నిడజోల్‌కి జియార్డియా మీద పని చేసే గుణం ఉంది. కోర్సు, మోతాదు సరిపడా పడకపోతే రోగం చావదు కానీ కొన్నాళ్లు తల దించుకుంటుంది. ఆ సమయంలో పరీక్ష చేస్తే దొరకదు. అంటే ఆ చీటీ నాకు జబ్బూ తగ్గించలేదు, జబ్బేమిటో తెలుసుకునే దారినీ కొన్నాళ్లు మూసేసింది.

ఇక డబ్బా పర్వం. ల్యాబులో చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇస్తారు, మూతకు లోపలివైపు ఓ బుల్లి స్పూన్ అతికి ఉంటుంది. మూత్రం కలవకూడదు, కమోడ్ నీళ్లు తగలకూడదు, తీసుకున్నాక వీలైనంత త్వరగా అందించాలి. పలుచగా ఉంటే అరగంటలో చూస్తే మంచిదన్నారు, ఎందుకంటే కదిలే రూపంలో ఉన్నది బయట ఎక్కువసేపు బతకదు. బెంగళూరులో అరగంట అంటే ఏమిటో ఇక్కడుండేవాళ్లకు చెప్పనక్కర్లేదు. ట్రాఫిక్ కదలని టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దాటాల్సిన పెద్ద ల్యాబులన్నీ పక్కనపెట్టి, నడిచి వెళ్లగలిగే సందులోని చిన్న ల్యాబుని ఎంచుకున్నాను. డబ్బాని రెండు కవర్లలో చుట్టి, పైన కాగితం సంచిలో పెట్టుకుని లిఫ్టు ఎక్కితే, నాలుగో ఫ్లోర్‌లో ఆ పెద్దాయనే ఎదురు. సంచి వైపు చూసి, "పొద్దున్నే టిఫిన్ పార్సిలా బాబూ?" అన్నారు. అవునన్నాను. ఇంకేం చెప్పను.

మొదటి రిపోర్టులో సిస్టులు (చుట్టూ గోడ కట్టుకుని కదలకుండా ఉండే రూపం), గుడ్లు ఏమీ కనబడలేదని వచ్చింది. చూశారా ఏమీ లేదు, గ్యాసే అని ఇంట్లో ఒక వర్గం. డాక్టరమ్మ ముందే చెప్పి ఉండకపోతే నేనూ అక్కడితో ఆపేసేవాణ్ణేమో. తర్వాతి శాంపిల్ ఇచ్చిన రోజు ల్యాబు నుంచి ఫోన్. టెక్నీషియన్ హిందూపురం కుర్రాడు. "అన్నా, దొరికింది. దగ్గర్లోనే ఉంటే వచ్చి చూస్తారా?" అన్నాడు, పోగొట్టుకున్న పర్సు దొరికినట్టు.

వెళ్లి చూశాను. స్లైడు మీద ఉప్పునీళ్ల చుక్కలో ఏవేవో తుక్కు కణాలు. వాటి మధ్య ఒకటి అటూ ఇటూ ఒరుగుతూ, దొర్లుతూ పోతోంది. చెట్టు మీంచి ఆకు రాలేటప్పుడు గాలిలో ఎలా పొర్లుతుందో ఆ కదలికే గుర్తంటారని, పుస్తకాల్లో కూడా అలాగే రాస్తారని ఆ అబ్బాయి చెప్పాడు. కాస్త నిలకడగా ఉన్నదాన్ని చూపించాడు. ఒక కొన వెడల్పు, ఇంకో కొన సన్నం. వెడల్పు వైపు రెండు గుండ్రటి కేంద్రకాలు పక్కపక్కనే, సరిగ్గా రెండు కళ్లలా. అది నా వైపే చూస్తోందనిపించింది. వెనకాల కొరడాల్లాంటి తోకలు, నాలుగు జతలు. పక్క స్లైడులో అయొడిన్ వేసి సిస్టు చూపించాడు. కదలిక లేదు, కోడిగుడ్డు ఆకారం, చుట్టూ మందపాటి గోడ, లోపల చిన్న చిన్న కేంద్రకాలు నాలుగు. పొడవు మిల్లీమీటరులో వందో వంతు. ఇంతోటి దానికా నేను బెల్టుకు రంధ్రం పెట్టించుకున్నది!

ఆ రాత్రి కూర్చుని చదివాను. డచ్చి దేశపు బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ 1681లో తన సొంత విరేచనాన్నే తాను చేసుకున్న భూతద్దం కింద పెట్టి ఈ జీవిని చూశాడట. బ్యాక్టీరియాని మొదట చూసినవాడిగా పేరున్న మనిషే. ఆయనకు లేని మొహమాటం మనకెందుకో. ఆ తర్వాత 1859లో ప్రాగ్‌లో లాంబ్ల్ అనే డాక్టరు పిల్లల విరేచనాల్లో చూసి వివరంగా రాశాడు.

అది చేసే పని ఇదీ. సిస్టు నోట్లోంచి లోపలికి పోతుంది. ఆమ్లం తగలగానే గోడ విచ్చుకుని, చిన్నపేగు మొదట్లో కదిలే రూపం బయటికొస్తుంది. దాని కడుపు వైపు ఒక చూషకం ఉంటుంది, దానితో పేగు గోడకు అతుక్కుంటుంది. రక్తంలోకి చొరబడదు, పేగుని కొరకదు, అందుకే నెత్తురూ ఉండదు, జ్వరమూ సాధారణంగా ఉండదు. పేగు గోడను పాడుచేసి తిండిని, ముఖ్యంగా కొవ్వుని, ఒంటబట్టనివ్వదు. ఆ వదిలేసిన కొవ్వే జిడ్డుగా, తేలుతూ బయటికొచ్చేది. కొన్ని పేగులో కిందికి జారుతూ మళ్లీ గోడ కట్టుకుని సిస్టులుగా మారి బయటపడతాయి. చల్లటి నీళ్లలో అవి నెలల తరబడి బతుకుతాయి. ఇంకో మనిషికి రోగం అంటించడానికి పది సిస్టులు చాలు. లోపలికి వెళ్లాక లక్షణాలు బయటపడటానికి వారం నుంచి మూడు వారాలు పడుతుంది. కాబట్టి నిన్న తిన్న పానీపూరీని తిట్టుకోవడం అన్యాయం.

మందు మాత్రం తేలిక. టినిడజోల్ 2 గ్రాములు, ఒకే మోతాదు. అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు, భోజనం మధ్యలో ఒకేసారి. మెట్రోనిడజోల్ అయితే రోజుకు మూడుసార్లు ఐదు నుంచి ఏడు రోజులు, నిటజోక్సనైడ్ అయితే మూడు రోజులు వాడతారట. ఎవరికేది అన్నది డాక్టరు చూసుకునే సంగతి, గర్భిణులకైతే మరీ జాగ్రత్త. నాకు ఆ నాలుగు మాత్రల తర్వాత ఒకటిన్నర రోజు నోరంతా తుప్పు రుచి, కొంచెం వికారం. మద్యం తాగొద్దని, మాత్ర వేసుకున్నాక మూడు రోజులు గడిచేదాకా చుక్క కూడా ముట్టొద్దని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పారు. ఆ శనివారమే మా టీమ్‌లో ఒకడి ప్రమోషన్ పార్టీ. నిమ్మరసం పట్టుకుని కూర్చుంటే, ఏంటి గురూ మాల వేసుకున్నావా అని ఆటపట్టించారు. మాత్ర సంగతి చెప్పడం కన్నా మాలే నయమనిపించి నవ్వి ఊరుకున్నాను. టినిడజోల్ మీద తాగితే వాంతులు, గుండెదడ, ముఖం ఎర్రబడటం లాంటివి రావచ్చట. ఎవరైనా వాడుతుంటే ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి.

రెండు మూడు రోజుల్లో తేన్పులు ఆగాయి. అయితే డాక్టరమ్మ అంతటితో వదల్లేదు. ఇంట్లో మిగతావాళ్లవీ పరీక్ష చేయించమన్నారు. అమ్మ ససేమిరా అంది. "నాకేం రోగం? నా కడుపు బంగారం" అని రైలెక్కేసింది. మా ఆవిడకు ఏమీ లేదు. పాపకు మాత్రం మొదటి శాంపిల్‌లోనే సిస్టులు బయటపడ్డాయి.

ఆ రిపోర్టు చూసి ఇద్దరం నోట మాట లేకుండా కూర్చున్నాం. పాప చక్కగా ఆడుకుంటోంది, తింటోంది. నాకు మొదలవడానికి ముందెప్పుడో రెండు రోజులు మెత్తగా వెళ్లింది, పళ్లొస్తున్నాయి కదా అనుకున్నాం. చాలామంది పిల్లల్లో ఇది ఏ లక్షణమూ లేకుండానే ఉండిపోతుందట. డే కేర్‌లలో ఒకరి నుంచి ఒకరికి తేలిగ్గా పాకుతుంది. డైపర్ మార్చిన చెయ్యి సరిగ్గా కడగకుండా ఇంకో పాపకు బిస్కెట్ ఇస్తే చాలు. ఇంట్లో సాయంత్రం డైపర్ మార్చే డ్యూటీ నాది. మార్చాక శానిటైజర్ రాసుకునేవాణ్ణి, ఘుమఘుమలాడేది కూడాను. జియార్డియా సిస్టుల విషయంలో శానిటైజర్‌ని నమ్ముకోవద్దని, సబ్బుతో నీళ్ల కింద రుద్ది కడగాల్సిందేనని డాక్టరమ్మ చెప్పారు. లక్షణాలు లేని పిల్లలందరికీ మందు వేయరట, కానీ ఇంట్లో ఒకరు మంచాన పడ్డాక మళ్లీ మళ్లీ అంటుకోకుండా పాపకు కూడా సిరప్ రాశారు. పసుపు రంగు సిరప్. ఆ మూడు రోజులూ ఉచ్చ కూడా పసుపుపచ్చగా వస్తే మా ఆవిడ కామెర్లేమోనని హడలిపోయింది. ఆ మందు లక్షణమే అది, డాక్టరు ముందుగా ఒక మాట చెప్పి ఉంటే ఆ టెన్షన్ తప్పేది.

డే కేర్‌కు వెళ్లి చెప్పాం. నిర్వాహకురాలు మొదట, "మా దగ్గర అంతా హైజీనిక్ అండీ, రోజుకు రెండుసార్లు ఫ్లోర్ క్లీనింగ్" అని మొహం ముడుచుకున్నారు. మేము గొడవకు రాలేదని, మా పాపే మిగతావాళ్లకు అంటించి ఉండొచ్చని చెప్పాక మెత్తబడ్డారు. డైపర్ మార్చే బల్ల పక్కనే వాష్‌బేసిన్ లేదు, అది గది దాటి బయట ఉంది. ఆయా పదిసార్లూ అక్కడిదాకా వెళ్లి చేతులు కడుక్కుంటుందని ఎలా ఆశించగలం? ఆ సంగతి నేను నోరు తెరవకముందే ఆవిడే అన్నారు, ఒక మొబైల్ సింకు పెట్టిస్తామన్నారు. పెట్టించారు కూడా.

నాకు పాప నుంచే వచ్చిందా అంటే, అయ్యుండొచ్చు. కానీ నీళ్లనీ వదిలిపెట్టలేం. మా అపార్ట్‌మెంట్‌లో మూడు రకాల నీళ్లు ఒకే సంపులో కలుస్తాయి: వంద కిలోమీటర్ల అవతల తొరెకాడనహళ్లిలో శుద్ధి చేసి పంపే కావేరి నీళ్లు వచ్చినప్పుడు వచ్చినన్ని, సొంత బోరు నీళ్లు, మిగిలిన కొరతకు ట్యాంకర్. 2024 వేసవిలో నగరమంతా ట్యాంకర్ల వెంట పరుగెత్తినప్పటి నుంచి, అవి ఏ బోరులో నింపుకొస్తున్నాయో అడిగే అలవాటే పోయింది. వస్తే చాలు. తాగడానికి ఇంట్లో ఆర్వో ఉంది. ఆర్వో పొర నుంచి సిస్టు దూరలేదు, 1 మైక్రాన్ కంటే చిన్న రంధ్రాలున్న ఫిల్టరు చాలు దాన్ని ఆపడానికి. కానీ పళ్లు తోముకునేది పంపు నీళ్లతో. కొత్తిమీర, టమాటా, కీరా కడిగేది పంపు నీళ్లతో. పాప స్నానం చేస్తూ మగ్గుతో గుటకలు వేసేది ఆ నీళ్లే.

అసోసియేషన్ మీటింగులో లేవనెత్తాను. సెక్రటరీ గారు ఫైలు తీసి వాటర్ టెస్ట్ రిపోర్టు చూపించారు. కోలిఫామ్ బ్యాక్టీరియా లేదు, క్లోరిన్ ఉంది, అంతా క్లీన్ సార్ అన్నారు. రిపోర్టు అబద్ధం కాదు. మామూలుగా మనం చేయించే పరీక్ష బ్యాక్టీరియాకే. మురుగు కలిసిందా లేదా అన్నదానికి కోలిఫామ్ ఒక ఆనవాలు. కానీ కోలిఫామ్‌ని ఇట్టే చంపే క్లోరిన్ జియార్డియా సిస్టుని అంత తేలిగ్గా చంపలేదు, దానికి ఎక్కువ మోతాదు, ఎక్కువసేపు కావాలి. కాబట్టి బ్యాక్టీరియా లేదన్న కాగితం సిస్టు లేదని హామీ ఇవ్వదు. ఇది చెబితే ఇద్దరు శ్రద్ధగా విన్నారు, ఒకాయన పార్కింగ్ స్టిక్కర్ల సంగతేమిటన్నారు. చివరికి తేలినవి రెండు. సంపు మూత పగిలి ఉంది, దానికి పది అడుగుల్లోనే మురుగు శుద్ధి చేసే ప్లాంటు ఉంది, ఆ మూత మార్చాలి. సంపు కడిగించాలి. ఇవి జరిగాయి. సిస్టుల కోసం ప్రత్యేకంగా నీటి పరీక్ష చేయించాలన్న నా ప్రతిపాదనకు మాత్రం ఖర్చు చూసి ఎవరూ చెయ్యెత్తలేదు. న్యాయంగా చెప్పాలంటే, ఆ డబ్బుతో ఇంటింటికీ నీళ్లు మరిగించుకోవచ్చు. నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం మరిగిస్తే సిస్టు చస్తుంది. మేమిప్పుడు పచ్చిగా తినే కూరగాయల్ని ఆర్వో నీళ్లతోనే కడుగుతున్నాం, అంతే.

జబ్బు తగ్గాక మళ్లీ భయపెట్టిన ఘట్టం ఒకటుంది, దీని గురించి నన్నెవరూ ముందు హెచ్చరించలేదు. మాత్ర వేసుకుని బాగైపోయానని సంబరపడి, మా ఆఫీసు కింద దర్శిని హోటల్లో బై టూ కాఫీ మొదలుపెట్టాను. గంటలో పొట్ట ఉబ్బింది, గుడగుడ, పరుగు. అయిపోయింది, మందు పని చేయలేదు, మళ్లీ వచ్చిందనుకున్నాను. మరో శాంపిల్. ఏమీ లేదు. యాంటిజెన్ టెస్టులోనూ లేదు. డాక్టరమ్మ నవ్వి, పాలు మానేసి చూడండన్నారు. పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ అనే ఎంజైము పేగు గోడ మీదే తయారవుతుంది. జియార్డియా ఆ గోడను గీకి వదిలేశాక, ఆ ఎంజైము తిరిగి రావడానికి వారాలు పడుతుంది. రోగం తగ్గినవాళ్లలో చాలామందికి కొంతకాలం పాలు పడవట. ఈ సంగతి తెలియక ఎంతమంది టినిడజోల్ మళ్లీ మళ్లీ మింగుతున్నారో.

కాఫీ లేకుండా బెంగళూరులో బతకడం ఎంత కష్టమో ఆ నెలలో తెలిసింది. పొద్దున బ్లాక్ కాఫీ తాగి ముఖం అదోలా పెట్టుకుని ఆఫీసుకు పోయేవాణ్ణి. పెరుగు కొద్దికొద్దిగా పడింది, తోడుకోవడంలో పాల చక్కెర కొంత తగ్గిపోతుంది కాబట్టి. అమ్మ ఊరి నుంచి పంపిన రాగిపిండితో పొద్దున జావ, రాత్రి సంకటి, వేరుశనగ చట్నీ. బరువు మెల్లగా పుంజుకుంది. తను పంపిన రాగులే నన్ను బాగుచేశాయని అమ్మ ఇప్పటికీ బంధువులకు చెబుతోంది. నేను ఖండించలేదు. పాలు ముందు చెంచాలతో, తర్వాత అరగ్లాసుతో మళ్లీ అలవాటు చేసుకున్నాను. పాపకు రెండోసారి చేయించిన పరీక్షలో సిస్టులు లేవు.

మొన్న మా టీమ్‌లో ఒకబ్బాయి, కర్నూలు వైపువాడు, పక్కకు పిలిచి గొంతు తగ్గించి, "అన్నా, నాక్కూడా కోడిగుడ్డు తేన్పులు వస్తున్నాయి. నువ్వేసుకున్న మాత్ర పేరు చెప్పన్నా" అన్నాడు. మాత్ర పేరు చెప్పలేదు. ల్యాబు అడ్రసు పంపి, మూడు శాంపిల్స్ ఇవ్వాలిరా, పొద్దున్నే డబ్బా పట్టుకుని వెళ్లాలన్నాను. "డబ్బానా?" అని వాడు ముఖం చిట్లించి, సోంపు కొనుక్కోవడానికి కిందికి వెళ్లాడు.